దుబాయ్ వెళ్తున్నారా? పిల్లల స్కూల్ ఖరారు చేసే ముందు ఈ లెక్కలు చూసుకోండి

దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైంది. జీతం ఎంతో తెలిసింది. షార్జాలో ఇల్లు తీసుకుంటే అద్దె తగ్గుతుందని అక్కడున్న బంధువులు చెప్పేశారు. ఇక పిల్లల స్కూల్ సంగతే తేలాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఫోన్‌లో నాలుగు వెబ్‌సైట్లు చూసి, తెలిసినవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడిగి, సీటు దొరికిన చోట డబ్బు కట్టేస్తారు. బిడ్డ ఎల్‌కేజీలో ఉంటే దీనివల్ల పెద్దగా నష్టం లేదు. ఏడో తరగతో, ఎనిమిదో తరగతో అయితే మాత్రం ఈ ఒక్క నిర్ణయం మీద రేపు హైదరాబాద్‌లో మెడికల్ సీటుకు స్థానికత ఉంటుందా లేదా అన్నది కూడా ఆధారపడి ఉంటుంది.

దుబాయ్‌నే ఎందుకు తీసుకున్నామంటే, తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్లే నగరాల్లో అదొకటి. పైగా అక్కడ స్కూళ్ల సమాచారం ప్రభుత్వమే బయట పెడుతుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

అక్కడ స్కూళ్లను చూసేది ఎవరు?

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లన్నీ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ పరిధిలో ఉంటాయి. 2006లో ఏర్పాటైంది. ఫీజులు, అడ్మిషన్లు, తనిఖీలు అన్నీ దీని చేతిలోనే. అబుదాబిలో ఇదే పని అడెక్, షార్జాలో ఎస్‌పీఈఏ చేస్తాయి. మూడు చోట్లా నిబంధనలు ఒకేలా ఉండవు. ఇల్లు షార్జాలో, స్కూల్ దుబాయ్‌లో అనుకుంటున్నవారు ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. 2022 జనవరి నుంచి షార్జాలో వారానికి మూడు రోజులు సెలవు. శుక్రవారం కూడా స్కూల్ ఉండదు. దుబాయ్‌లో శుక్రవారం ఒంటిపూట ఉంటుంది. అన్న దుబాయ్‌లో, చెల్లి షార్జాలో చదివితే ఇంట్లో రెండు క్యాలెండర్లు నడుస్తాయి. షార్జా నుంచి దుబాయ్‌కి పొద్దున పూట ట్రాఫిక్ ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్లను అడిగితే గంటసేపు చెబుతారు. ఆ ట్రాఫిక్‌లో రోజూ కూర్చోవాల్సింది మీ ఆరేళ్ల పిల్లవాడు.

మన దగ్గరిలా ప్రభుత్వ బడి అనే ప్రత్యామ్నాయం అక్కడ ఆచరణలో లేదనే చెప్పాలి. ప్రభుత్వ స్కూళ్లు ప్రధానంగా ఎమిరాటీ పిల్లల కోసం, అరబిక్ మాధ్యమంలో నడుస్తాయి. కాబట్టి ప్రవాస కుటుంబాలకు దిక్కు ప్రైవేటు స్కూలే. దుబాయ్‌లో ఇలాంటివి 220కి పైగా ఉన్నాయి. వీటిలో బ్రిటిష్ కరికులమ్‌లో చదివే పిల్లలు ఎక్కువ. రెండో స్థానం మన భారతీయ కరికులమ్‌ది.

‘ఇంటర్నేషనల్’ అన్న బోర్డు ఉంటే సరిపోతుందా?

సరిపోదు. కూకట్‌పల్లిలో, గాజువాకలో వీధికో ఇంటర్నేషనల్ స్కూల్ ఉన్నట్టే అక్కడా ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చూడాల్సింది ఏ బోర్డు పరీక్ష రాయిస్తారు, ఆ బోర్డు గుర్తింపు ఉందా అన్నది. ఐబీ అంటున్నారంటే ‘ఐబీ వరల్డ్ స్కూల్’గా అనుమతి వచ్చిందో, ఇంకా ‘క్యాండిడేట్ స్కూల్’ దశలోనే ఉందో ఐబీ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. పైగా ఐబీలో ప్రైమరీ, మిడిల్, డిప్లొమా అని వేర్వేరు ప్రోగ్రామ్‌లు ఉంటాయి. ఒకదానికి అనుమతి ఉంటే మిగతావాటికీ ఉన్నట్టు కాదు. బ్రిటిష్ స్కూల్ అయితే పరీక్షలు కేంబ్రిడ్జివా, పియర్సన్ ఎడెక్సెల్‌వా అని అడగండి. సీబీఎస్‌ఈ అయితే అఫిలియేషన్ ఏ తరగతి వరకు ఉందో చూడండి. యూఏఈ మొత్తం మీద సీబీఎస్‌ఈ స్కూళ్లు వందకు పైగా ఉన్నాయి. వాటిలో కొత్తవి కొన్ని కింది తరగతులతో మొదలై ఏటా ఒక్కో క్లాసు పెంచుకుంటూ పోతుంటాయి.

గేటు మీద వేలాడే రేటింగ్

దుబాయ్ స్కూళ్లకు తనిఖీ అధికారులు ఆరు రకాల రేటింగ్ ఇస్తారు: అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యాక్సెప్టబుల్, వీక్, వెరీ వీక్. మంచి రేటింగ్ వచ్చిన స్కూల్ దాన్ని బ్యానర్ చేసి గేటుకు కడుతుంది. తప్పులేదు. కానీ ఆ రేటింగ్ ఏ ఏడాదిదో చూడండి. 2024-25 విద్యాసంవత్సరంలో కేహెచ్‌డీఏ పాత స్కూళ్లకు పూర్తిస్థాయి తనిఖీలు చేయలేదు. మూడో ఏడాదిలో ఉన్న కొత్త స్కూళ్లకే చేసింది. అంటే మీరు చూస్తున్న బ్యానర్ వెనక ఉన్న తనిఖీ పాతది కావచ్చు. ఈలోగా ప్రిన్సిపల్ మారి ఉండొచ్చు. సగం మంది టీచర్లు వెళ్లిపోయి ఉండొచ్చు.

రేటింగ్ అనే ఒక్క మాట దగ్గర ఆగకుండా నివేదిక తెరవండి. కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో ప్రతి స్కూల్ పేరు మీద ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీల్లోనే ఎంతమంది విద్యార్థులకు ఒక టీచర్, టీచర్లలో ఎంత శాతం ఏటా మారిపోతున్నారు, గైడెన్స్ కౌన్సెలర్లు ఎంతమంది అన్న అంకెలు ఉంటాయి. మా దృష్టిలో తల్లిదండ్రులకు అన్నిటికంటే ఉపయోగపడే అంకె టీచర్లు మారే శాతం. ఈత కొలను, రోబోటిక్స్ ల్యాబ్ ఫొటోలో కనిపిస్తాయి. మార్చిలో లెక్కలు చెప్పిన టీచర్ సెప్టెంబర్‌లో ఉంటారా అన్నది ఫొటోలో కనిపించదు. తర్వాత, మీ పిల్లల తరగతి స్థాయికి లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్‌లో ఏ రేటింగ్ ఇచ్చారో విడిగా చూడండి. మొత్తం మీద ‘వెరీ గుడ్’ అయిన స్కూల్‌లో పై తరగతుల లెక్కలు ‘గుడ్’ మాత్రమే కావచ్చు. ‘గుడ్’ స్కూల్‌లో ప్రైమరీ చాలా బాగుండొచ్చు.

ఫీజు: కాగితం మీద ఒకటి, చేతి నుంచి పోయేది మరొకటి

ఫీజుల్లో తేడా నమ్మశక్యం కానంత ఉంటుంది. భారతీయ కరికులమ్ స్కూళ్లు చాలావరకు చవక. బ్రిటిష్, ఐబీ స్కూళ్ల పై తరగతుల్లో ఏడాదికి లక్ష దిర్హామ్‌లు దాటేవి ఉన్నాయి. 2025లో తెరిచిన ఒక స్కూల్ అయితే తరగతిని బట్టి 1,16,000 నుంచి 2,06,000 దిర్హామ్‌లు అని ప్రకటించింది. దిర్హామ్ విలువ డాలర్‌కు 3.67 దగ్గర కట్టేసి ఉంటుంది. అంటే రూపాయి డాలర్‌తో పడిపోయినప్పుడల్లా, ఊళ్లో ఉన్న పొలం అద్దె మీదో, ఇక్కడి పొదుపు మీదో ఫీజు కడదామనుకున్న వారికి భారం పెరుగుతుంది.

స్కూల్ చెప్పే ఫీజుతో ఆగకండి. కేహెచ్‌డీఏ దగ్గర ప్రతి స్కూల్‌కు ‘ఫీజు ఫ్యాక్ట్ షీట్’ ఉంటుంది. ట్యూషన్ ఫీజు తరగతుల వారీగా, పుస్తకాలు, బస్సు, యూనిఫాం వంటివి విడిగా అందులో ఉంటాయి. ట్యూషన్ ఫీజు మీద వ్యాట్ లేదు కానీ యూనిఫాం మీద 5 శాతం పడుతుంది. ఫీజు పెంచడం కూడా స్కూల్ ఇష్టం కాదు. ఏటా ప్రకటించే వ్యయ సూచీని బట్టే పెంచాలి. ఆ సూచీ 2024-25కు 2.6 శాతం, 2025-26కు 2.35 శాతం. పెంపు వద్దనుకునే స్కూళ్లూ ఉంటాయి. కాబట్టి ఈ ఏడాది ఫీజు చూసుకుని సంతోషపడకుండా, మీ బిడ్డ పన్నెండో తరగతికి వచ్చేసరికి ఆ స్కూల్‌లో ఫీజు ఎంతో ఇవాళ్టి షీట్‌లోనే చూడండి. కేజీకి, పన్నెండుకు మధ్య అంతరం చాలా స్కూళ్లలో పెద్దది. ఇద్దరు పిల్లలుంటే దాన్ని రెండుతో గుణించాలి.

ఆఫర్ లెటర్‌లో ‘ఎడ్యుకేషన్ అలవెన్స్’ ఉందా, ఉంటే ఎంతమంది పిల్లలకు, ఎంత వరకు అన్నది సంతకం చేసేముందే అడగండి. చేరిన తర్వాత అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు నవ్వి ఊరుకుంటారు.

మధ్యలో మానేస్తే ఎంత పోతుందన్నది కూడా ముందే తెలియాలి, ఎందుకంటే అక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసాతో పాటు పిల్లల వీసా కూడా. కేహెచ్‌డీఏ నిబంధనల్లో దీనికి ఒక లెక్క ఉంది. టర్మ్‌లో రెండు వారాలలోపే మానేస్తే ఒక నెల ఫీజు, రెండు వారాల నుంచి నెల వరకైతే రెండు నెలల ఫీజు, నెల దాటితే మొత్తం టర్మ్ ఫీజు స్కూల్ తీసుకోవచ్చు. మీతో స్కూల్ సంతకం చేయించుకునే ‘పేరెంట్-స్కూల్ కాంట్రాక్ట్’లో ఇదంతా రాసి ఉంటుంది. సాధారణంగా ఎవరూ చదవని కాగితం అది. చదవండి.

ఒకే బిడ్డ, రెండు స్కూళ్లలో రెండు తరగతులు

ఇక్కడ చాలామంది తికమకపడతారు. దుబాయ్‌లో భారతీయ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. బ్రిటిష్, అమెరికన్, ఐబీ స్కూళ్లు ఆగస్టు చివర్లో. వయసు లెక్కకు తీసుకునే తేదీ కూడా వేరు. ఏప్రిల్ స్కూళ్లకు మార్చి 31. ఆగస్టులో మొదలయ్యే స్కూళ్లకు ఇంతకుముందు ఆగస్టు 31గా ఉండేది, 2026-27 నుంచి డిసెంబర్ 31కి మార్చారు.

ఉదాహరణకు మీ పాప 2020 నవంబర్‌లో పుట్టిందనుకుందాం. 2026 డిసెంబర్ 31 నాటికి ఆరేళ్లు నిండుతాయి కాబట్టి ఆగస్టు స్కూల్‌లో 2026లోనే ఒకటో తరగతికి అర్హత ఉంటుంది. భారతీయ స్కూల్‌లో అయితే 2026 మార్చి 31 నాటికి ఐదేళ్ల నాలుగు నెలలే, కాబట్టి కేజీ-2. ఒకటో తరగతి 2027 ఏప్రిల్‌లో. ‘ముందుగా అయిపోతుంది కదా’ అని ఆగస్టు స్కూల్‌లో వేసి, ఏడాది తర్వాత ఇండియాకు తిరిగి వస్తే, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనే స్కూళ్ల దగ్గర మళ్లీ వయసు చర్చ మొదలవుతుంది. రెండు మూడేళ్లలో తిరిగొచ్చే ఆలోచన ఉన్నవారు ఈ తొందరపాటు మానుకోవడం మేలు.

బ్రిటిష్ స్కూల్‌లో ‘ఇయర్ 6’ అంటే మన ఆరో తరగతి అనుకోకండి. అది మన ఐదుకు సమానం. వాళ్ల ఇయర్ 1 మన యూకేజీ, ఇయర్ 2 మన ఒకటో తరగతి. ఫామ్ నింపేటప్పుడు ఈ ఒక్క అంకె తేడాతో పిల్లవాడిని ఒక ఏడాది కిందకో పైకో దించే ప్రమాదం ఉంది.

ఎనిమిదో తరగతి దగ్గర నిజమైన మలుపు

చిన్న పిల్లల విషయంలో ఏ కరికులమ్ అన్నది ఇష్టాయిష్టాల సంగతి. ఇంటికి దగ్గర, మంచి టీచర్లు, తట్టుకోగల ఫీజు ఉంటే చాలు. పిల్లలు ఎనిమిదికి వచ్చేసరికి మాత్రం కాలేజీ ఎక్కడ అన్న ప్రశ్నకు ఇంట్లో ఒక సమాధానం ఉండాలి. కారణం చెబుతాం.

తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు. ఎవరు స్థానికులు అన్నదానికి ప్రభుత్వం 2024 జులైలో జీవో 33 ఇచ్చింది. అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు, అంటే 9 నుంచి 12 వరకు రాష్ట్రంలో చదివి ఉండాలి. దీనిపై కోర్టుల్లో పెద్ద వివాదమే నడిచింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. తల్లిదండ్రులు, తాతలు కరీంనగర్‌లో పుట్టినవాళ్లే కావచ్చు. సొంత ఇల్లు అక్కడే ఉండొచ్చు. బిడ్డ 9 నుంచి 12 దుబాయ్‌లో చదివితే ఈ కొలమానం ప్రకారం స్థానికత రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికతకు చదివిన చోటే ప్రధాన ఆధారం. ఈ నిబంధనలు మారుతుంటాయి. మీ బిడ్డ పరీక్ష రాసే ఏడాది ప్రాస్పెక్టస్సే ఆఖరి మాట.

అలాగని దారులన్నీ మూసుకుపోవు. నీట్‌కు దుబాయ్, అబుదాబి, షార్జాలోనే పరీక్షా కేంద్రాలు ఉంటున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా సీట్లకు స్థానికతతో పని లేదు, ర్యాంకు ఉంటే చాలు. ప్రైవేటు కాలేజీల్లో ఎన్‌ఆర్‌ఐ కోటా ఉంది కానీ ఆ ఫీజు వేరే లోకం.

ఇంజినీరింగ్ అయితే కథ తిరగబడుతుంది. అక్కడ విదేశంలో చదవడమే లాభం కావచ్చు. ఎన్‌ఐటీలు, కొన్ని ట్రిపుల్ ఐటీల్లో ‘డాసా’ అనే పథకం కింద విదేశాల్లో చదివిన పిల్లలకు అదనపు సీట్లు ఉంటాయి. 11, 12 తరగతులు విదేశంలోనే చదివి, జేఈఈ మెయిన్ ర్యాంకు ఉండాలి. ఫీజు డాలర్లలో ఉంటుంది. ఇందులోనే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లల కోసం సీఐడబ్ల్యూజీ అనే విభాగం ఉంది. దీని కింద సీటు వస్తే ట్యూషన్ ఫీజు దేశంలో చదివిన విద్యార్థితో సమానం. చాలామంది తెలుగు తల్లిదండ్రులకు ఈ పేరు పన్నెండో తరగతి మధ్యలో తెలుస్తుంది. ఐఐటీలకు మాత్రం ఇది వర్తించదు, అక్కడ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణలో స్థానిక కోటాలో డాక్టర్ అవ్వాలంటే తొమ్మిదికల్లా వెనక్కి రావాలి. డాసాలో ఎన్‌ఐటీ కావాలంటే పదకొండు, పన్నెండు అక్కడే చదవాలి. పదో తరగతి అయ్యాక తిరిగొస్తే రెండూ పోతాయి. కానీ మన కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది ఇదే: ‘పదో తరగతి అయిపోనిద్దాం, ఇంటర్ హైదరాబాద్‌లో చేర్పిద్దాం’ అనుకోవడం. పద్నాలుగేళ్ల పిల్లలకు ఏం కావాలో అప్పటికే తెలియాలనడం అన్యాయమే. అయినా రూల్స్ అలా ఉన్నాయి కాబట్టి, కనీసం ఏ నిర్ణయంతో ఏ తలుపు మూసుకుంటుందో పిల్లలతో కూర్చుని మాట్లాడాలి.

కరికులమ్ ఎంపిక కూడా ఇక్కడే ముడిపడుతుంది. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, ఒక్కో గ్రూపు నుంచి ఒకటి. ఆర్ట్స్ బదులు మరో సైన్స్ తీసుకోవచ్చు. అలా చేసినా మామూలు పద్ధతిలో సైన్స్ సబ్జెక్టులు రెండే అవుతాయి. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మూడు సైన్సులు కావాలంటే ప్రత్యేక అనుమతితో వెళ్లాలి. స్కూల్ సరే అంటుందా అని చేరకముందే అడగాలి. అమెరికా, బ్రిటన్, కెనడా యూనివర్సిటీలే లక్ష్యమైతే ఐబీ, ఎ-లెవెల్ సహజంగా సరిపోతాయి. నీట్, జేఈఈ లక్ష్యమైతే సీబీఎస్‌ఈలో ఉన్న సౌలభ్యం మరోదానిలో లేదు. సిలబస్ ఒకటే కావడం ఒక్కటే కారణం కాదు, కోచింగ్ మెటీరియల్ అంతా దాని చుట్టూనే ఉంటుంది. గొప్ప స్కూల్ అన్న పేరు కోసం ఐబీలో వేసి, సాయంత్రం నీట్ కోచింగ్‌కు పంపించడం మాత్రం పిల్లల మీద రెండు బరువులు పెట్టడమే.

ఎటు మారినా రెండేళ్ల కోర్సు మధ్యలో మార్చకండి. సీబీఎస్‌ఈ 9, 11 తరగతుల్లో రిజిస్ట్రేషన్ చేస్తుంది. 10, 12లో నేరుగా చేర్చుకోవడానికి కఠినమైన షరతులున్నాయి. ఐజీసీఎస్‌ఈ కూడా ఇయర్ 10, 11 కలిపి రెండేళ్ల కోర్సు.

తెలుగు సంగతి

యూఏఈ ప్రైవేటు స్కూళ్లలో 1 నుంచి 9 వరకు అరబిక్ తప్పనిసరి. రెండో భాషగా హిందీ, మలయాళం, ఫ్రెంచ్ లాంటివి దొరికినంత సులభంగా తెలుగు దొరకదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి. తిరిగొచ్చే పిల్లలకు ఇది పెద్ద ఇబ్బంది. 9, 10 తరగతుల్లో సీబీఎస్‌ఈ, ఐబీ లాంటి బోర్డుల పిల్లల కోసం ‘వెన్నెల’ పేరుతో సరళమైన తెలుగు వాచకం తెచ్చారు. అదైనా చదవాలంటే కనీసం గుణింతాలు రావాలి. తిరిగి వచ్చే ఆలోచన ఏమాత్రం ఉన్నా రోజుకు పావుగంట ఇంట్లో రాయించండి.

బిడ్డకు నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంటే

డిస్లెక్సియా, ఆటిజం వంటివి ఉంటే దాచి చేర్పించవద్దు. దుబాయ్‌లో 2017 నుంచి సమ్మిళిత విద్యా విధానం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చేర్చుకోవాలని అది స్కూళ్లకు చెబుతుంది. పేచీ సాధారణంగా ఖర్చు దగ్గర వస్తుంది. తరగతిలో బిడ్డ పక్కన కూర్చునే సహాయకురాలి జీతం చాలాసార్లు తల్లిదండ్రుల మీద పడుతుంది. దాన్ని ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఇండియాలో చేయించిన అసెస్‌మెంట్ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.

బయల్దేరే ముందు టీసీ పని

కేజీ దాటిన పిల్లలకు పాత స్కూల్ నుంచి టీసీ కావాలి. మన దగ్గర ఇచ్చిన టీసీ అలాగే చెల్లదు. విద్యాశాఖ నుంచి, అంటే సాధారణంగా డీఈఓ కార్యాలయం నుంచి కౌంటర్ సంతకం, తర్వాత విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ ధ్రువీకరణ వరకు వెళ్లాల్సి వస్తుంది. విమానం ఎక్కాక దీన్ని చేయించాలంటే ఊళ్లో ఉన్న నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి వీసా పనులు మొదలైన రోజే ఇదీ మొదలుపెట్టండి. టీసీలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిపోలాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉంటే ముందే సరిచేయించండి. రిపోర్టు కార్డులు రెండేళ్లవి, టీకాల కార్డు ఒరిజినల్ చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయకండి.

రేపు అక్కడి నుంచి వచ్చేటప్పుడు కూడా ఇదే తంతు తిరగేసి ఉంటుంది. బకాయిలు తీరాకే స్కూల్ టీసీ ఇవ్వడం మామూలు. అందుకని ఉద్యోగం మానే నోటీసు ఇచ్చిన రోజే స్కూల్‌కూ మెయిల్ పెట్టండి. ఆ మెయిల్ తేదీని బట్టే ఏ టర్మ్ ఫీజు వరకు మీరు కట్టాలో లెక్క తేలుతుంది.